ఇంకో అర్థం

పలాస డయాలసిస్ సెంటర్లో కిటికీ పక్క మంచం కూర్మనాథం మాస్టారిది, దాని పక్కది రత్నాలమ్మది. వారానికి మూడు రోజులు ఇద్దరూ ఒకే షిఫ్టులో వచ్చేవారు. చేతికి సూదులు గుచ్చాక, ఒంట్లో రక్తం మిషన్లోకి వెళ్ళి శుభ్రమై తిరిగొచ్చేదాకా కదలడానికి ఉండదు. ఆ గంటలన్నీ రత్నాలమ్మ కూతురు ప్రమోదిని రెండు మంచాల మధ్య ప్లాస్టిక్ స్టూలు వేసుకుని, ఐసెట్ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది.

తల్లీకూతుళ్ళది వజ్రపుకొత్తూరు దాటాక, సముద్రపు హోరు వినపడేంత దగ్గర్లో ఒక పల్లె. తిత్లీ తుఫానుకి కొబ్బరిచెట్లు కూలిపోయాక తండ్రి భాస్కరరావు చెన్నైలో బిల్డింగు పనులకి వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళకి రత్నాలమ్మకి కాళ్ళు వాచాయి, అన్నం సయించడం మానేసింది. ఇంటింటా కిడ్నీ జబ్బున్న ఉద్దానంలో కాళ్ళు వాచాయంటే ఏమైందని ఎవరూ అడగరు. పలాసలో డయాలసిస్‌కి ఏ రోజులిచ్చారని అడుగుతారు.

ప్రమోదిని టెక్కలిలో బీఎస్సీ కంప్యూటర్స్ చదివింది. ఎంసీఏ చెయ్యాలని ఆశ. ముందు ఏడాది దాని ప్రవేశ పరీక్ష ఐసెట్ రాస్తే లెక్కలూ లాజిక్కూ బాగానే చేసింది. అవి తెలుగులో కూడా ఇస్తారు. ఇంగ్లీషు భాగం మాత్రం ఇంగ్లీషులోనే ఉంటుంది. అక్కడ మునిగింది. పది దాకా తెలుగు మీడియం. డిగ్రీలో పేరుకి ఇంగ్లీషు మీడియమైనా లెక్చరర్లు తెలుగులోనే చెప్పేవారు. పేరా చదివి కింద ప్రశ్నలకి జవాబులు పెట్టమంటే, పేరా సగంలో ఉండగానే టైమైపోయింది.

ఒకరోజు పెదాలు కదుపుతూ మాటలు వల్లిస్తుంటే పక్క మంచం మీంచి గొంతు వినపడింది.

“రిసీప్ట్ కాదమ్మా, రిసీట్. మధ్యలో పి ఊరికే కూర్చుంటుంది, వార్డు మెంబరు లాగ. పని చెయ్యదు.”

మాస్టారు కళ్ళు మూసుకునే ఉన్నారు. సోంపేటలోనూ మందసలోనూ హైస్కూళ్ళలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. ఆయన భార్య సీతమ్మ కాళ్ళ దగ్గర కుర్చీలో కూర్చుని వత్తులు చేసుకుంటోంది. “ఇంక ఈయన నిన్ను వదలరు. నీ ఖర్మ,” అంది నవ్వుతూ.

వదల్లేదు. ఆ రోజు నుంచి డయాలసిస్ అంటే ప్రమోదినికి క్లాసు. మాస్టారు మాటల్ని ఒక్కొక్కటిగా బట్టీ పట్టనిచ్చేవారు కాదు. ఒక మాట ఇస్తే దాని అక్కచెల్లెళ్ళనీ, దానితో పడని వాళ్ళనీ కూడా తెమ్మనేవారు. ఒంట్లో బాగోని రోజు కూడా, ఒళ్ళంతా దురదలు పెడుతుంటే గీరుకుంటూనే, “ఊఁ, చదువు,” అనేవారు.

పేరాల దగ్గర మాత్రం ఆమె తరచూ ఆయన చేత తిట్లు తినేది. ఒకసారి, డ్యాం కింద మునిగిపోయిన ఊరి గురించి పేరా వచ్చింది. ఊరివాళ్ళ సంగతి ఏమవుతుందని ప్రశ్న. ‘వాళ్ళు ఎప్పటికైనా తిరిగొస్తారు’ అన్న జవాబు పెట్టింది ప్రమోదిని.

“ఆ మాట ఎక్కడుంది? చూపించు.”

“లేదు మాస్టారూ. కానీ వస్తారు కదా. సొంతూరు కదా.”

“నువ్వైతే వస్తావు. రాసినవాడు వస్తారనలేదు. నీ కడుపులో ఉన్నది తీసుకెళ్ళి వాడి నోట్లో పెట్టకు. వాడు ఏమన్నాడో అది చెప్పు, అది నీకు నచ్చకపోయినా సరే. మార్కులు దానికే.”

అదే పేరా కింద ‘రచయిత ఏమని కన్‌క్లూడ్ చేశాడు’ అని ఇంకో ప్రశ్న ఉంది. ముగింపు ఎక్కడుందా అని ప్రమోదిని ఆఖరి లైను వెతుకుతుంటే మాస్టారు నవ్వారు. “కన్‌క్లూడ్ అంటే ముగించడమొకటే కాదు. అన్నీ చూసుకుని ఒక నిర్ణయానికి రావడం కూడా. ఇక్కడ రెండోది.”

రత్నాలమ్మకి ఇవేవీ అర్థమయ్యేవి కాదు గానీ వింటూ పడుకునేది. ఊరికి తిరిగెళ్ళే ఆటోలో, “ఆ మాస్టారు దొరకడం నీ అదురుట్టమే అమ్మీ,” అనేది.

శివరాత్రి వెళ్ళిన వారం, మిషను నడుస్తుండగా, మాస్టారు ఒక మాటకి అర్థం చెప్తూ చెప్తూ ఆగిపోయారు. ఆలోచిస్తున్నారనుకుంది ప్రమోదిని. తలెత్తి చూస్తే నోరు ఒక పక్కకి జారిపోయి ఉంది. కుడికన్ను వాలిపోతోంది. ఆమె కేకకి టెక్నీషియన్ పరిగెత్తుకొచ్చాడు. మిషను ఆపారు, అంబులెన్సు తెప్పించారు. సీతమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా ఎక్కేసింది. చెప్పులు కుర్చీ కిందే ఉండిపోతే ప్రమోదిని తీసి దాచింది.

విశాఖలో పెద్దాసుపత్రి నుంచి తిరిగొచ్చేసరికి మాస్టారికి కుడిచెయ్యీ కుడికాలూ పడిపోయాయి. మాట పోయింది. ఎదుటివాళ్ళు చెప్పేది అర్థమవుతుందనీ, మాట కొంచెం కొంచెంగా రావచ్చనీ డాక్టర్లు చెప్పారట. వచ్చింది కూడా. కానీ తెలుగు రాలేదు. ఒకటీ అరా ఇంగ్లీషు మాటలు వచ్చాయి.

మళ్ళీ డయాలసిస్‌కి తెచ్చిన రోజు సీతమ్మ ప్రమోదిని చెయ్యి పట్టుకుని వరండాలోకి లాక్కెళ్ళింది.

“నన్ను పేరెట్టి పిలవట్లేదే తల్లీ. ఏదడిగినా ఇంగ్లీషే. నేను అయిదో క్లాసు. వాటరంటే తెలిసింది, పెయినంటే తెలిసింది. మిగతావి ఎవర్ని అడగను? రాఘవేంద్ర ఆదివారం తప్ప దొరకడు.”

రాఘవేంద్ర వాళ్ళ అబ్బాయి. టెక్కలిలో రెవెన్యూ ఆఫీసులో గుమాస్తా.

“పొద్దున్న అన్నం పెడితే ‘ఇన్సిపిడో’ ఏదో అన్నారు. అది కొత్త జబ్బా?”

ఏడుపొస్తుందనుకున్న ప్రమోదినికి నవ్వొచ్చింది. “చప్పగా ఉందన్నారు అమ్మగారూ. పప్పు.”

సీతమ్మ కూడా నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. “ఉప్పు వేస్తే డాక్టరు ఊరుకోడని చెప్పు.”

“మీరే చెప్పండమ్మా. తెలుగు ఆయనకి అర్థమవుతుంది.”

“అవుతుంది కదూ,” అంది సీతమ్మ. అయినా లోపలికెళ్ళాక మొగుడితో చెప్పాల్సిందంతా ప్రమోదిని వైపు తిరిగే చెప్పింది. జవాబు తన భాషలో రాని మనిషితో ఎలా మాట్లాడాలో ఆమెకి తెలియలేదు.

అలా ప్రమోదిని ఇద్దరి మధ్యా మాటలు చేరవేసే మనిషైంది. ‘హెవీ’ అంటే దుప్పటి తియ్యాలి. ‘గ్లేర్’ అంటే కిటికీ తెర వెయ్యాలి. ఒక్కోసారి మాట తప్పు వచ్చేది. కాఫీ కావాలని ‘చాక్‌పీస్’ అనేవారు. అది కాదని ఆయనకే తెలిసి, ఎడమచేత్తో మంచం అంచు మీద కొట్టుకునేవారు. ప్రమోదిని ఒక్కో మాటా అందిస్తూ పోతే, సరైనది వచ్చినప్పుడు కళ్ళు మూసుకునేవారు. డయాలసిస్ లేని రోజుల్లో కూడా పలాస వస్తే కాశీబుగ్గలో వాళ్ళింటికి వెళ్ళేది. ఆయన పక్కన కూర్చుని పేరాలు పైకి చదివేది. జవాబు తప్పు పెడితే ఆయన కనుబొమ్మలు ముడిపడేవి.

ఎండలు ముదిరాయి. జీడితోటల్లో పిక్కలు ఏరే రోజులు. మాస్టారి వీపు మీద పుండ్లు పడ్డాయి. మిషను మీద ఉన్నప్పుడు బీపీ పడిపోయి కాళ్ళు కొంకర్లు పోయేవి. అరవడానికి మాట కూడా లేక, గొంతులోంచి ఒక శబ్దం చేసేవారు. ఆ శబ్దానికి వార్డులో మిగతావాళ్ళు మొహాలు అటు తిప్పుకునేవారు.

అలాంటి ఒకరోజు, కొంకర్లు తగ్గాక, ఆయన ప్రమోదిని వైపు చూసి స్పష్టంగా “కన్‌క్లూడ్” అన్నారు.

ఆమె విననట్టు పుస్తకంలోకి చూసింది. ఆయన ఎడమచెయ్యి ఎత్తి మిషను వైపు చూపించారు. “కన్‌క్లూడ్.”

“ఏమంటున్నారే?” అంది సీతమ్మ.

“అయిపోయిందా అని అడుగుతున్నారు,” అంది ప్రమోదిని.

“అయిపోయిందండీ, ఇంకో గంటే,” అంది సీతమ్మ ఆయన కాలు రాస్తూ.

అప్పుడు ప్రమోదినికి గుర్తొచ్చింది, ఆయనకి తెలుగు అర్థమవుతుందని. తలెత్తింది. మాస్టారు ఆమెనే చూస్తున్నారు. కోపం లేదు ఆ చూపులో. అంతకంటే కష్టమైనదేదో ఉంది. మెల్లగా తల గోడవైపు తిప్పుకున్నారు. ఆ రోజు ఇంక ఎవరితోనూ ఏమీ అనలేదు. నీళ్ళు కూడా అడగలేదు.

తర్వాతి షిఫ్టులో కూడా మాట్లాడలేదు. ప్రమోదిని పేరా చదివితే కళ్ళు తెరవలేదు. అటుపక్క మంచం మీంచి రత్నాలమ్మ అంతా చూస్తూనే ఉంది.

ఇంటికెళ్ళే ఆటోలో అడిగింది. “ఆయన ఏటన్నాడే ఆ రోజు?”

“ఏటీ నేదమ్మా.”

“నాకు ఇంగిలీసు రాదు గానీ మిసను కేసి సెయ్యి సూపితే తెలీదేటి? నాను కూడా ఆ మిసను మీద పడుకున్న దాన్నే.” కూతురి వైపు తిరిగింది. “ఆయనకి నోరు నేదు. నువ్వే నోరు. నోరే అబద్దమాడితే ఆ మనిసి ఏటైపోవాల?”

ప్రమోదిని ఆ మర్నాడు కాశీబుగ్గ వెళ్ళింది. సీతమ్మ వంటింట్లో బీరకాయ చెక్కు తీస్తోంది. ప్రమోదిని గుమ్మంలోనే నిలబడి మొత్తం చెప్పింది. తను అబద్ధం చెప్పానని, ఆయన అన్న మాట ఇదని, డయాలసిస్ ఆపెయ్యమంటున్నారని.

సీతమ్మ బీరకాయ కింద పెట్టలేదు. “నువ్వు సరిగ్గా విన్నావా? కాఫీకి చాక్‌పీసంటారు కదా. అలాంటిదేమో.”

“రెండుసార్లన్నారు అమ్మగారూ. చెయ్యి కూడా చూపించారు.”

“ఆ మాటకి ఇంకో అర్థం లేదా?”

ప్రమోదినికి లేదని చెప్పేస్తే బాగుణ్ణనిపించింది. “ఉందమ్మా. ఒక నిర్ణయానికి రావడమని కూడా అర్థం.”

సీతమ్మ మళ్ళీ చెక్కు తియ్యడం మొదలుపెట్టింది. కాయ సగమైపోయినా తీస్తూనే ఉంది.

ఆదివారం రాఘవేంద్ర వచ్చాడు. మంచి మనిషే. వచ్చినప్పుడల్లా తండ్రి పుండ్లు తనే కడిగేవాడు, నాన్న బట్టలు ఇంకొకరి చేత ఉతికించేవాడు కాదు. తల్లి చెప్పింది విని, ప్రమోదినిని పిలిపించి మండిపడ్డాడు.

“మెదడు దెబ్బతిన్న మనిషి ఏదో ఒక మాటంటే, దానికి నువ్వు అర్థం చెప్తావా? నీకెంతొచ్చు ఇంగ్లీషు? ఐసెట్‌లో ఒకసారి తప్పావట కదా. నీ మాట పట్టుకుని మా నాన్నని చంపుకోమంటావా?”

“మీరే అడగండి సార్,” అంది ప్రమోదిని. “నేను గదిలోకి రాను. నాలుగు చీటీలు రాయండి. నాలుగు జవాబులు. ఇంగ్లీషులో పెద్దపెద్ద అక్షరాలతో రాస్తే ఆయన చదవగలరు. ఏది చూపిస్తారో చూడండి.”

రాఘవేంద్ర క్యాలెండరు వెనక కాగితం చింపి రాశాడు. డయాలసిస్ కొనసాగించాలి. వేరే ఆసుపత్రికి వెళ్ళాలి. నొప్పికి మందు కావాలి. డయాలసిస్ ఆపాలి. నాలుగూ ఇంగ్లీషులో రాసి, దుప్పటి మీద తండ్రి ముందు పరిచాడు. ప్రమోదిని వరండాలో గోడకానుకుని నిలబడింది.

“సరే నాన్నా. ఉండండి, చీటీలు మళ్ళీ కలుపుతాను,” అని వినపడింది. కాసేపటికి, “మళ్ళీ చూడండి. సరిగ్గా చదివి చెప్పండి నాన్నా. తొందరేం లేదు.” కాగితాలు మళ్ళీ కదిలాయి. “ఇంకొక్కసారి.”

ఆ తర్వాత ఎంతసేపటికీ మాట రాకపోతే ప్రమోదిని తలుపులోంచి చూసింది. చీటీలు నేల మీద పడి ఉన్నాయి. మాస్టారు ఎడమచేత్తో కొడుకు మణికట్టు పట్టుకుని ఉన్నారు. రాఘవేంద్ర పరుపు అంచుకి మొహం ఆనించి ఏడుస్తున్నాడు. సీతమ్మ తలగడ సర్దుతోంది, ఇప్పుడే పూర్తి చెయ్యాల్సిన పనేదో అన్నట్టు.

డాక్టరు కూడా ఆయన్ని విడిగా, రెండు వేర్వేరు రోజుల్లో అడిగాడు. ఆపితే ఏమవుతుందో తెలుగులో దాచకుండా చెప్పాడు. మాస్టారు తలూపారు. ఇంటికి తీసుకొచ్చేశారు.

డయాలసిస్ ఆపితే నిద్రలో ప్రాణం పోతుందని ఎవరో అంటే ప్రమోదిని నమ్మింది. కాశీబుగ్గ ఇంట్లో అలా జరగలేదు. మొదటి రెండు రోజులూ ఆయన కాస్త తేరుకున్నట్టే ఉన్నారు. ఉప్పు వేసిన పప్పన్నం నాలుగు ముద్దలు తిన్నారు. ప్రమోదిని పేరా చదివితే, తప్పు జవాబుకి కనుబొమ్మలు ముడిచారు. తర్వాత మొహం ఉబ్బింది. ఎక్కిళ్ళు పట్టుకుని వదల్లేదు. పడుకుంటే ఊపిరాడక, రాఘవేంద్ర వీపుకి ఆనుకుని కూర్చునేవారు. కొడుకు అలా కదలకుండా కూర్చుని నడుం పట్టేసినా లేచేవాడు కాదు. డాక్టరిచ్చిన మందుకి నొప్పి తగ్గేది, మళ్ళీ వచ్చేది. ఇంగ్లీషు మాటలు కూడా పోయాయి. సీతమ్మ ఎప్పుడైనా ప్రమోదిని వైపు చూసేది, ఏమంటున్నారని. అనడం లేదమ్మా అని చెప్పడం తప్ప ప్రమోదిని చెయ్యగలిగింది లేకపోయింది.

ఐసెట్ సెంటరు టెక్కలిలో పడింది. ముందురోజు మాస్టారి దగ్గరికెళితే ఆయన కళ్ళు సగం తెరుచుకుని ఉన్నాయి, ఎవరినీ చూడ్డంలేదు. “రేపు పరీక్ష మాస్టారూ,” అని చెప్పి వచ్చేసింది. మర్నాడు కంప్యూటరు ముందు కూర్చుంది. ఇంగ్లీషు భాగంలో మొదటి పేరా ఉల్లిపాయల నిల్వ గురించి. రెండోది తేనెటీగల గురించి. రాసినవాడు ఏమన్నాడో అదే పెట్టుకుంటూ పోయింది. తన కడుపులో ఉన్నదేదీ వాటితో కలిసేది కాదు కాబట్టి ఆ రోజది కష్టం కాలేదు. పేరాలన్నీ అయ్యాక ఇంకా టైము మిగిలింది.

బయటికొచ్చి, గేటు దగ్గర దాచుకున్న ఫోను తీసుకుంటే తల్లి నుంచి మిస్డ్ కాల్స్ ఉన్నాయి. మాస్టారు మధ్యాహ్నం పోయారు.

బస్సు దిగి నేరుగా కాశీబుగ్గ వెళ్ళింది. వీధిలో కుర్చీలు వేశారు. ఆయన దగ్గర చదువుకున్న వాళ్ళు చాలామంది వచ్చారు. ఆమెని చూసి ఇద్దరు ఆడవాళ్ళు ఏదో అనుకున్నారు. “ఆ మాట చెప్పిన గుంట ఇదే,” అన్న మాట చెవిన పడింది. రాఘవేంద్ర మాత్రం ఎదురొచ్చి లోపలికి తీసుకెళ్ళాడు. “బాగా రాశావా?” అన్నాడు. గొంతు పోయి ఉంది. ప్రమోదిని తలూపింది.

పదకొండో రోజు తల్లిని కూడా తీసుకుని వెళ్ళింది. అన్నాలయ్యాక సీతమ్మ ఆమెని పెరట్లోకి పిలిచింది. అంబులెన్సు రోజున మిగిలిపోయిన చెప్పులు ప్రమోదిని ఎప్పుడో తెచ్చిచ్చేసింది. ఆవిడ అవే వేసుకుని నిలబడింది. మనిషి బాగా చిక్కిపోయింది.

“నువ్వు చేసింది తప్పని నేను అననే తల్లీ. ఆయన అడిగిందే చెప్పావు. నువ్వు చెప్పకపోతే ఆయన ఇంకెంత బాధపడేవారో, నాకు తెలుసు.”

“అమ్మగారూ…”

“కానీ కొన్నాళ్ళు ఇటు రాకు. నిన్ను చూస్తే నాకు ఆ మాటే వినిపిస్తోంది. నేను ఉండలేకపోతున్నాను.” ప్రమోదిని బుగ్గ మీద చెయ్యి వేసి, వెంటనే తీసేసింది. “ఏమీ అనుకోకమ్మా.”

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ప్రమోదిని తలదించుకుని ఏడ్చింది. రత్నాలమ్మ ఊరుకోమనలేదు. ఏడవనిచ్చింది. జీడితోటలు దాటాక అంది. “నాను కూడా ఓరోజు ఆపీమని అంటే? నీకు సెప్తాను, మరెవులికీ సెప్పను. అప్పుడేటి సేత్తావు?”

“ఇప్పుడా మాటలెందుకే అమ్మా.”

“సెప్పు.”

ప్రమోదిని కళ్ళు తుడుచుకుని అంది. “ముందు నీతో దెబ్బలాడతాను. ఎన్నాళ్ళైనా దెబ్బలాడతాను. అప్పటికీ అదే మాటంటే, నాన్నకి సెప్తాను.”

రత్నాలమ్మ తలూపింది. “అలగే సెయ్యి. ఇప్పుడైతే నాకు బతకాలనే ఉంది.”

జూన్‌లో ర్యాంకు వచ్చింది. ఇంగ్లీషులో ముందటేడు వచ్చిన మార్కులకి రెట్టింపు దాటాయి. విశాఖలో యూనివర్సిటీ సీటుకి సరిపోయే ర్యాంకది. చెన్నై నుంచి భాస్కరరావు ఫోన్లో వెళ్ళమన్నాడు. తనొచ్చి ఇంట్లో ఉంటానన్నాడు. ఎప్పుడొస్తావని రత్నాలమ్మ అడిగితే, చేస్తున్న బిల్డింగు పూర్తవ్వాలన్నాడు.

పలాసలో ఇంటర్నెట్ షాపులో కాలేజీల ఆప్షన్లు పెట్టేటప్పుడు ప్రమోదిని టెక్కలి కాలేజీని మొదట పెట్టింది. ఇంటికొచ్చి చెప్తే రత్నాలమ్మ రెండు రోజులు కూతురితో మాట్లాడలేదు. వడ్డించిన అన్నం కంచంలోనే వదిలేసింది. “ఆ మాస్టారు ఇందుకా సెప్పినారు నీకు సదువు?” అంది మూడోరోజు. నువ్వొక్కదానివీ ఆటో ఎక్కి వెళ్ళగలవా అని ప్రమోదిని అడగబోయి మానేసింది. వెళ్ళే శక్తి లేదని ఇద్దరికీ తెలుసు.

క్లాసులు మొదలయ్యాయి. డయాలసిస్ రోజుల్లో పొద్దున్నే తల్లిని మంచం మీద పడుకోబెట్టి, టెక్నీషియన్‌కి అప్పగించి, హైవే మీద బస్సు పట్టుకుని టెక్కలి వెళ్తుంది. మధ్యాహ్నం క్లాసులు వదులుకుని తిరిగొస్తుంది. హాజరు తగ్గుతోందని హెచ్‌ఓడీ రెండుసార్లు పిలిచి అడిగాడు. కిటికీ పక్క మంచంలో ఇప్పుడు కవిటి వైపు మనిషి ఉంటున్నాడు, ముప్పై దాటవు. షిఫ్టంతా మొహం మీద తువ్వాలు కప్పుకుని పడుకుంటాడు.

నిన్న బస్సు ఆలస్యమైంది. ప్రమోదిని వచ్చేసరికి రత్నాలమ్మకి సూదులు తీసేశారు. దూది నొక్కిపెట్టుకుని ఒక్కర్తే బెంచీ మీద కూర్చుని ఉంది, మొహం పాలిపోయి. కూతుర్ని చూసి జరిగి చోటిచ్చింది.

“తిన్నావా?” అంది.

“నేదమ్మా.”

“నానూ తిన్నేదు. ఉండు, రక్తం ఆగనీ. ఎల్దుము.”